రాత్ ఖాతా, రాతకోతలు

ఈ ఫిబ్రవరిలో ఓ శనివారం పొద్దున, ఇంకా కాఫీ కూడా పడకముందే ఫోన్ మోగింది. డాలస్‌లో ఉండే కుర్రాడు. మా మేనత్తగారి ఊరివాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు.

"అన్నా, బ్యాక్‌డోర్ రాత్‌కి పన్ను పడదన్నావు కదా?"

"పడదు."

"మరి మా సీపీఏ 1,680 డాలర్లు పడుతుందంటున్నాడేంటి?"

"8606 నింపాడా?"

"అదేంటన్నా?"

సరిగ్గా ఈ ప్రశ్నే రెండేళ్ల కిందట నేను అడగాల్సిన రోజున అడగలేదు. దాని ఖరీదు మూడు వేల డాలర్లు. చివరికి తిరిగొచ్చాయిలెండి, కానీ వాటికోసం దాదాపు ఆరు నెలలు తిరిగాను.

రాత్ మంచిదా కాదా అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. డబ్బు మార్చాక ఆ సంగతి ట్యాక్స్ రిటర్నులో ఎలా చెప్పుకోవాలన్నది మాత్రం మనవాళ్లు మాట్లాడుకోగా నేను పెద్దగా వినలేదు. అది చెప్పుకునేది రిటర్నుతో పాటు పంపే 8606 అనే ఫారంలో. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ పేజీ మీ సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంటు) నింపినా, సాఫ్ట్‌వేర్ నింపినా, అందులో ఏం రాశారో మీరు స్వయంగా చదివి తీరాలి. ఎందుకంటే అసలు సంగతి పూర్తిగా తెలిసిన మనిషి మీరొక్కరే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో ఎవరికి వాళ్లు తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతాని ఐఆర్‌ఏ అంటారు. 1974 చట్టంతో వచ్చిన పాతరకం పేరు ట్రెడిషనల్. మామూలుగా అయితే వేసేటప్పుడు పన్ను మినహాయింపు, తీసేటప్పుడు పన్ను. 1997 చట్టంతో పుట్టి 1998 నుంచి నడుస్తున్నది రాత్. పన్ను కట్టేసిన డబ్బు అందులో వేస్తాం, పెరిగినదానికి రిటైరయ్యాక పన్ను ఉండదు. డెలావేర్ సెనేటర్ విలియమ్ రాత్ పేరు దానికి పెట్టారు. మా ఆవిడ మొదట్లో అది "రాత ఖాతా" అనుకుందట. తర్వాత మేము పడ్డ రాతకోతలు చూస్తే ఆమే సరిగ్గా విన్నదేమో అనిపిస్తుంది.

రాత్‌లో నేరుగా వేయడానికి ఆదాయ పరిమితి ఉంది. 2025కి భార్యాభర్తలు కలిసి రిటర్ను వేస్తే 2,36,000 డాలర్ల దగ్గర కోత మొదలై 2,46,000 దగ్గర తలుపు పూర్తిగా మూసుకుంటుంది. న్యూజెర్సీ ఎడిసన్‌లోనో టెక్సాస్ ఫ్రిస్కోలోనో ఇద్దరూ ఐటీలో ఉన్న ఇల్లు ఆ గీత దాటడం పెద్ద విశేషం కాదు. అయితే మినహాయింపు తీసుకోకుండా ట్రెడిషనల్‌లో వేసి, దాన్ని రాత్‌లోకి మార్చుకోవడానికి పరిమితి లేదు. ఒకప్పుడు లక్ష డాలర్ల పరిమితి ఉండేది. 2006లో సంతకమైన ఒక చట్టం 2010 నుంచి దాన్ని ఎత్తేసింది. జాలిపడి ఎత్తేశారనుకోకండి. మార్చుకున్న ప్రతివాడూ పన్ను ముందే కడతాడు, ఖజానాలోకి డబ్బు ముందుగా వస్తుంది, బడ్జెట్ లెక్క బాగా కనిపిస్తుంది. అలా వీధి గుమ్మానికి తాళం వేసి దొడ్డి గుమ్మం తెరిచిపెట్టారు. బ్యాక్‌డోర్ రాత్ అంటే ఇదే.

దొడ్డిదారి అనగానే మనకి దొంగతనం వాసన కొడుతుంది. మా ఊళ్లో దొడ్డి గుమ్మంలోంచి వచ్చేది మాత్రం అయినవాళ్లే. పాలు పోసే ఆమె, పెరుగు తోడుకి వచ్చే పక్కింటి పిన్ని. ఇదీ అలాంటిదే. 2017 పన్ను చట్టం మీద కాంగ్రెస్ ఉభయసభల కమిటీ ఇచ్చిన నివేదికలో, ఫుట్‌నోట్లలో, ఇలా చేసుకోవచ్చనే రాశారు. 2021లో ప్రతినిధుల సభ దీన్ని మూసేస్తూ బిల్లు పాస్ చేసింది కానీ అది సెనేట్ దాటలేదు. కాబట్టి గుమ్మం తెరిచే ఉంది. లోపలికొచ్చేటప్పుడు "నేనేనండీ" అని ఒక కేక వేసి రావాలి, అంతే. ఆ కేకే 8606.

జనవరి నెలాఖరుకల్లా మీ ఖాతా నడిపే బ్రోకరేజి నుంచి 1099-ఆర్ అనే కాగితం వస్తుంది. దాన్ని ఒక్కసారి దగ్గరగా చూడండి. 1వ గడిలో ఖాతాలోంచి బయటికెళ్లిన మొత్తం, 7,000 అనుకోండి. 2ఎ గడి పన్ను పడే మొత్తానిది. అక్కడ కూడా 7,000 అనే ఉంటుంది. చూడగానే గుండె జారుతుంది. దాని కిందే 2బి, బుల్లి చతురస్రం, అందులో ఒక గుర్తు. పన్ను పడే మొత్తం ఎంతో తేల్చలేదు అని దానర్థం. పైన ఏడు వేలని రాసిన చెయ్యే కింద "నిజానికి నాకు తెలియదు బాబూ" అని తప్పుకుంటోందన్నమాట. 7వ గడిలో ఒక కోడ్. 59న్నర ఏళ్లు నిండనివాళ్లకి మార్పిడి అయితే సాధారణంగా 2, నిండినవాళ్లకి 7. పక్కన ఐఆర్‌ఏ అని ఇంకో గుర్తు. ఆ కాగితం మొత్తం గాలించినా మీరు ఆ డబ్బుకి ముందే పన్ను కట్టారన్న ముక్క ఎక్కడా దొరకదు.

బ్రోకరేజిని తిట్టుకుని లాభం లేదు, దానికి నిజంగానే తెలియదు. వేసిన ఏడు వేలకి మీరు రిటర్నులో మినహాయింపు తీసుకున్నారో లేదో దానికెవరు చెబుతారు? ఇంకో కాగితం ఉంది, 5498. ఎంత వేశారు, ఎంత మార్చారు, డిసెంబరు 31న ఖాతాలో ఎంతుంది అని చెప్పేది. అది మే నెలాఖరు దాకా రాకపోవచ్చు. రిటర్ను గడువేమో ఏప్రిల్ 15. పెళ్లయిపోయాక శుభలేఖ అందినట్టు. పోనీ వచ్చాకైనా, మినహాయింపు తీసుకున్నారా లేదా అన్నది అందులోనూ ఉండదు.

ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) కంప్యూటరుకి కనిపించేది డబ్బు బయటికి వెళ్లడమొక్కటే. దానికి పన్ను అయిపోయిందని చెప్పే సాక్షి 8606 ఒక్కటే. సాక్షిని మీరు పిలవకపోతే దానంతట అది రాదు.

ఇక నా సంగతి. 2022 రిటర్నుని మేము 2023 ఫిబ్రవరిలోనే వేసేశాం, రిఫండు తొందరగా వస్తే ఇండియా టికెట్లకి పనికొస్తుందని. మార్చిలో ఎవరిదో పిల్లాడి పుట్టినరోజు. బిర్యానీ ప్లేట్లు పట్టుకుని గరాజ్‌లో నిలబడ్డచోట బ్యాక్‌డోర్ రాత్ మాట వచ్చింది. "ఏప్రిల్ దాకా పోయినేటికి కూడా వేసుకోవచ్చు బాస్" అన్నారు. నిజమే, వేసుకోవచ్చు. ఇంటికొచ్చి 2022 పేరు మీద 6,000, దాని వెనకే 2023 పేరు మీద 6,500 వేశాను. డబ్బు మూడు వారాలు మనీ మార్కెట్‌లో కూర్చుని 11 డాలర్ల వడ్డీ పెట్టింది. ఏప్రిల్‌లో మొత్తం 12,511 డాలర్లు రాత్‌లోకి మార్చేశాను. మూడు క్లిక్కులు. పన్ను ముందే పట్టుకోమంటారా అని అడిగితే వద్దన్నాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

నాకు తట్టనిది ఏమిటంటే, 2022కి డబ్బు వేశాను కాబట్టి 2022కే ఒక 8606 ఉండాలి. ఆ రిటర్ను అప్పటికే వెళ్లిపోయింది. వేయడానికైతే ఏప్రిల్ 15 దాకా పోయినేటికి వెనక్కి వెళ్లొచ్చు. మార్చడానికి ఆ సౌకర్యం లేదు, ఏ క్యాలెండరు ఏడాదిలో మారిస్తే ఆ ఏడాదిదే. ఒక ఏటికి వేసి, మరో ఏట మార్చినప్పుడు రెంటినీ ముడివేసేది 8606లోని 14వ వరుస. ఆ ముడి నేను వేయలేదు.

2024 ఫిబ్రవరిలో సీపీఏకి కాగితాలు పంపాను. ఆయన పేరూ ఊరూ ఇక్కడ అనవసరం. ఆయన పోర్టల్‌లో 1099-ఆర్ ఎక్కించే చోటుంది. ఐఆర్‌ఏలో ఎంత వేశారు, మినహాయింపు తీసుకుంటున్నారా అని అడిగే చోటు లేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. 12,511 తీసుకెళ్లి 1040 అనే అసలు రిటర్ను ఫారంలో 4బి వరుసలో పెట్టేశారు. మాది 24 శాతం స్లాబు. డ్రాఫ్టు చూసి సంతకం పెట్టమంటే, ఆఫీసు మీటింగులో కెమెరా ఆపుకుని ఫోన్‌లోనే పెట్టేశాను. ఆ ఏడు రిఫండు ఎందుకు తగ్గిందో కూడా అడగలేదు.

సెప్టెంబరులో ఇంటి లోను రీఫైనాన్స్‌కి రిటర్ను కాపీ అడిగితే తెరిచాను. 4ఎ అంటే ఖాతాల్లోంచి వచ్చిన మొత్తం, 4బి అంటే అందులో పన్ను పడేది. రెండింట్లోనూ 12,511.

"ఏమండీ, ఇది మన జీతంలోంచి వేసిన డబ్బే కదా, ఒకసారి పన్ను పోయింది కదా?" అంది మా ఆవిడ భుజం మీదుగా చూసి. పోయింది. మళ్లీ పోయింది.

సీపీఏకి ఫోన్ చేస్తే "సార్, మీరు బేసిస్ చెప్పలేదు కదా" అన్నారు. బేసిస్ అంటే ఐఆర్‌ఏలో ఉన్న, పన్ను కట్టేసిన సొమ్ము. ఒళ్లు మండింది. ఆయన అడగాల్సింది, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ 8606 వేయకపోతే నష్టపోయేది ఆయన కాదు. సవరణ రిటర్నుకి ఆయన చెప్పిన ఫీజు విన్నాక ఓ ఆదివారం కూర్చుని నేనే చేసుకున్నాను.

చేసింది ఇదీ. ముందు 2022 నాటి 8606 దించుకున్నాను. ఏ ఏటిది ఆ ఏటి ఫారం మీదే రాయాలి. 1వ వరుసలో 6,000. 2వ వరుస అంతకు ముందటి ఏళ్ల నుంచి వస్తున్న బేసిస్‌ది, అక్కడ సున్నా. 2022లో నేనేమీ తీయలేదు, మార్చలేదు కాబట్టి 3లోని 6,000 నేరుగా 14లోకి దూకుతుంది. అయిపోయింది. ఆ ఏటి రిటర్నులో మరే అంకే మారదు గనక ఆ ఫారాన్ని విడిగా పంపాను. రెండో పేజీ అడుగున సంతకానికి చోటుంది, ఫారాన్ని రిటర్నుతో కాకుండా ఒంటరిగా పంపేవాళ్లే అక్కడ సంతకం చేయాలి. సర్టిఫైడ్ మెయిల్‌లో వేసి రసీదు దాచుకున్నాను.

తర్వాత 2023ది. 1లో 6,500. 2లో 2022 నాటి 14 నుంచి తెచ్చిన 6,000. 3లో 12,500. 6వ వరుస ముఖ్యమైనది, డిసెంబరు 31న నా ట్రెడిషనల్ ఐఆర్‌ఏలన్నిట్లో కలిపి ఎంతుందని అడుగుతుంది. నాకు సున్నా. 8లో మార్చిన 12,511. అక్కణ్ణుంచి ఒక భాగహారం, ఒక గుణకారం. రెండో భాగానికి వచ్చేసరికి 16లో 12,511, 17లో 12,500, 18లో 11. ఏడాదంతా నేను పన్ను కట్టాల్సింది ఆ 11 డాలర్ల మీదే. దీన్ని 1040-ఎక్స్ అనే సవరణ రిటర్నుకి జతచేసి పంపాను.

న్యూజెర్సీకి విడిగా ఇంకో సవరణ. ఇక్కడున్నవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఐఆర్‌ఏలో వేసినదానికి న్యూజెర్సీ అసలు మినహాయింపే ఇవ్వదు. అందుకని రాష్ట్రం లెక్కలో మీ బేసిస్ ఫెడరల్ బేసిస్ కంటే ఎక్కువ ఉండొచ్చు. ఫెడరల్ అంకెని కళ్లుమూసుకుని దించేయకండి. టెక్సాస్ వాళ్లకి ఈ బాధ లేదు, రాష్ట్రపు ఆదాయపు పన్నే లేదు.

8606 వేయనందుకు 50 డాలర్ల జరిమానా అని ఉంది. సరైన కారణం చూపిస్తే మాఫీ. నన్నెవరూ అడగలేదు. 12,500 మీద 24 శాతం, అంటే మూడు వేలు, కొంచెం వడ్డీతో కలిసి 2025 మార్చిలో వచ్చింది. తిరిగి అడగడానికి మామూలుగా రిటర్ను వేసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. ఎనిమిదేళ్లుగా బ్యాక్‌డోర్ చేస్తూ 4బి వైపు ఒక్కసారి కూడా చూడనివాళ్లు ఎవరైనా ఉంటే, ఇది చదవడం ఆపి ముందు అది చూడండి.

సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా చేసుకునేవాళ్లకి చిన్న మాట. 1099-ఆర్ ఎక్కించగానే పైనున్న రిఫండు అంకె దభీమని పడిపోతుంది. కంగారుపడి ఏదో ఒకటి నొక్కేయకండి. ఐఆర్‌ఏలో డబ్బు వేసిన సంగతి అది అడిగేది ఆ తర్వాతెప్పుడో, మినహాయింపుల దగ్గర. అక్కడ నింపేదాకా దానికి సగం కథే తెలుసు. నింపాక అంకె మళ్లీ లేస్తుంది. కొన్నిసార్లు అచ్చు తీసిన 8606లో 6 నుంచి 12 దాకా ఖాళీగా ఉండి 13 దగ్గర నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 590-బి లోని వర్క్‌షీట్ మీద లెక్క కట్టానని దానర్థం. 18 సరిగ్గా ఉంటే దాన్ని వదిలేయండి.

మా ఆవిడ దగ్గరికొచ్చేసరికి వ్యవహారం చిక్కబడింది. 2019లో ఉద్యోగం మారినప్పుడు పాత కంపెనీ 401కే అనే రిటైర్మెంట్ ప్లాన్‌లోని డబ్బుని ఆమె రోల్‌ఓవర్ ఐఆర్‌ఏలోకి (అదీ ట్రెడిషనలే) తెచ్చుకుంది. 2024 నాటికి అది 63,000 అయింది, మొత్తం పన్ను కట్టని సొమ్ము. "నా పేరు మీద కూడా ఏడు వేలు వేసి మార్చేద్దామండీ" అంది. సెప్టెంబరు దెబ్బ పచ్చిగా ఉంది కాబట్టి 6వ వరుస గుర్తొచ్చి ఆగాను. లేకపోతే ఆ రాత్రే నొక్కేసేవాణ్ణి.

ఆవుపాలు, గేదెపాలు ఒకే తపేలాలో పోశాక "నాకు ఆవుపాలే ఒక గ్లాసు పొయ్యి" అంటే కుదరదు. ఏ గ్లాసు ముంచినా రెండూ అదే పాళ్లలో వస్తాయి. మీ పేరు మీదున్న ట్రెడిషనల్, సెప్, సింపుల్ ఐఆర్‌ఏలు మూడు బ్రోకరేజీల్లో ఉన్నా ఐఆర్‌ఎస్‌కి అన్నీ కలిపి ఒకే తపేలా. 63,000కి 7,000 కలిస్తే 70,000. అందులో పన్ను కట్టినది పదో వంతు. అందుకని మార్చిన 7,000లో 700కి మాత్రమే పన్ను ఉండదు, 6,300 ఆదాయంలో కలుస్తుంది. "కొత్త ఖాతా తెరిచి, అందులోంచే మార్చాను కదా" అన్న వాదన చెల్లదు. మిగిలిన 6,300 బేసిస్ పోదు, 14వ వరుసలో కూర్చుంటుంది. తపేలా ఖాళీ అయ్యేదాకా, అవసరమైతే ముప్పై ఏళ్లు, దాన్ని మోసుకుంటూ వెళ్లాలి.

మా నాన్న గుంటూరులో బడిపంతులు. ఎల్‌ఐసీ రసీదులన్నీ గోడకి వేలాడే ఇనుప తీగకి గుచ్చేవారు. ఎవరైనా ఫలానా వాయిదా కట్టలేదంటే తీగ మొత్తం దించి, సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని ఆఫీసుకి వెళ్లేవారు. ఇక్కడ నేను సీపీఏని మార్చినప్పుడు కొత్తాయన 2వ వరుసలో ఏం వేస్తాడు? పాత 14 చేతికివ్వకపోతే సున్నా వేస్తాడు. ఆ సున్నాతో అన్నేళ్ల బేసిస్ మాయం. మా ఇంట్లో ఇప్పుడు 8606లకి ప్రత్యేకంగా ఒక ఫైలుంది, తీగ ఒకటే తక్కువ.

డిసెంబరు 31 నాటి నిల్వనే చూస్తారన్నది మాకు దొరికిన దారి. 401కేలో ఉన్న డబ్బు ఆ తపేలాలోకి రాదు. మా ఆవిడ ఇప్పటి కంపెనీ ప్లాన్ బయటి ఐఆర్‌ఏ డబ్బు తీసుకుంటుందా అని కనుక్కుంటే తీసుకుంటుందన్నారు (అన్ని ప్లాన్లూ తీసుకోవు). అక్టోబరులో ఫారం పెట్టాం. ఈ రోజుల్లో అంతా ఆన్‌లైనే కదా అనుకుంటే, 63,000 డాలర్ల కాగితం చెక్కు మామూలు పోస్టులో, పిజ్జా కూపన్ల మధ్యలో, మా ఇంటి డబ్బాలోకి వచ్చింది. చెక్కు 401కే ట్రస్టీ పేరు మీద ఉంది, ఫలానావారి నిమిత్తం అని మా ఆవిడ పేరు దాని పక్కన. "ఇది మన చేతికొచ్చింది కదండీ, పన్ను పడదు కదా?" అని ఆమె టెన్షన్. ట్రస్టీ పేరు మీద ఉన్నంతవరకు పడదు. మళ్లీ కవరులో పెట్టి పంపి, జమ అయినట్టు కనిపించేదాకా పది రోజులు ఇద్దరికీ సరిగ్గా నిద్ర లేదు. డిసెంబరు 31 నాటికి దారిలో ఉన్న రోల్‌ఓవర్‌ని కూడా 6వ వరుసలో కలపాల్సి రావచ్చు. మాది నవంబరులోనే జమ అయింది. ఆ తర్వాతే ఏడు వేలు మార్చాం.

2025 జనవరిలో ఆమెకి రెండు 1099-ఆర్‌లు వచ్చాయి. 63,000ది ఒకటి, 7వ గడిలో జి, 2ఎలో సున్నా. 7,000ది ఇంకోటి, కోడ్ 2. నా మార్పిడి కూడా కలిపితే మా ఉమ్మడి 1040లో 4ఎ దగ్గర 77,009 పడింది, 4బి దగ్గర 9. డ్రాఫ్టులో ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసి మరీ సంతకం పెట్టాను, ఈసారి కెమెరా ఆపుకుని కాదు. రిటర్ను ఉమ్మడిదైనా 8606లు మాత్రం రెండు. ఆమె తపేలా ఆమెది, నాది నాది.

బ్యాక్‌డోర్ కాకుండా, పన్ను కట్టని పాత సొమ్మునే కావాలని మార్చుకునేవాళ్లూ ఉన్నారు. రాతపని వరకు చూస్తే అది ఇంకా తేలిక. బేసిస్ లేదు కాబట్టి 8606లో రెండో భాగం చాలు, మార్చినదంతా 4బిలోకి పోతుంది. ప్రమాదం వేరేచోట ఉంది. లేఆఫ్ అయిన మిత్రుడొకడు, జీతం లేని ఏడాది స్లాబు తక్కువ కదా అని 40,000 మార్చాడు. ఆలోచన మంచిదే. మార్చే పేజీలో పన్ను 20 శాతం పట్టుకోమన్నాడు. దాంతో 32,000 రాత్‌కి చేరింది, 8,000 ఐఆర్‌ఎస్‌కి వెళ్లింది. ఆ 8,000 మార్పిడి లెక్కలోకి రాదు, 59న్నర నిండకుండా తీసుకున్న డబ్బు అవుతుంది. దాని మీద పన్నుతో పాటు 10 శాతం, 800 డాలర్లు అదనం. 60 రోజుల్లోపు జేబులోంచి 8,000 తెచ్చి పూడ్చి ఉంటే బయటపడేవాడు. తెలిసేసరికి గడువు దాటింది. పైగా ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొన్న ఆరోగ్య బీమాకి వచ్చిన సబ్సిడీలో కొంత వెనక్కి కట్టాడు, ఆదాయం 40,000 పెరిగిందిగా. 2018కి ముందైతే ఇలాంటి మార్పిడిని గడువులోగా వెనక్కి తిప్పుకునే వీలుండేది. 2017 చట్టం దాన్ని తీసేసింది. ఇప్పుడు నొక్కితే నొక్కినట్టే.

ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఇంకో పది నిమిషాలు ఆలోచించాలి. రాత్‌లో పెరిగినదానికి పన్ను లేదన్నది అమెరికా ఇచ్చిన మాట. ఇండియా ఇవ్వలేదు. అక్కడి 1961 ఆదాయపు పన్ను చట్టంలో 2021లో చేర్చిన 89ఎ సెక్షన్ విదేశీ రిటైర్మెంట్ ఖాతాల కోసమే వచ్చింది, అమెరికా, బ్రిటన్, కెనడాలకి వర్తింపజేశారు. అయితే అందులో ఖాతాని నిర్వచించిన తీరు చూడండి: తీసేటప్పుడు ఆ దేశం పన్ను వేసే ఖాతా. ట్రెడిషనల్ అందులో చక్కగా ఇముడుతుంది. తీసేటప్పుడు పన్నే లేని రాత్ ఇమడదు. మూడేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోతామని ఇల్లు కూడా బుక్ చేసుకున్నవాళ్లకి నేను బ్యాక్‌డోర్ రాత్ చెప్పడం మానేశాను.

"ఏడాదికి ఏడు వేలకి ఇంత తతంగమా?" అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. నన్నడిగితే ఈ చట్టమే అవకతవకది. ఆపదలచుకుంటే రెండో గుమ్మం కూడా మూసేయాలి, ఆపదలచుకోకపోతే మొదటి గుమ్మానికి ఆ తాళం దేనికి? పరిమితి పెట్టింది ఆదాయం ఎక్కువున్నవాళ్లని ఆపడానికి. అది ఆపుతున్నది ఫారాలు చదవనివాళ్లని. అదే జీతం, అదే డబ్బు, అదే మూడు క్లిక్కులు. ఒక ఇంట్లో 4బిలో సున్నా, పక్కింట్లో ఏడు వేలు. రెండో ఇంటివాడు చేసిన తప్పల్లా 1099-ఆర్ మాత్రమే పంపి ఊరుకోవడం.

సీపీఏని మానేయమనడం లేదు. కాగితాలతో పాటు నాలుగు వాక్యాలు రాసి పంపండి. ఫలానా ఏటికి ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో ఇంత వేశాను, మినహాయింపు తీసుకోవడం లేదు. ఫలానా తేదీన ఇంత రాత్‌లోకి మార్చాను. డిసెంబరు 31న నా ఐఆర్‌ఏలన్నిట్లో ఇంత ఉంది. పోయినేటి 8606లో 14వ వరుస ఇదీ. ఈ నాలుగూ చదివాక కూడా తప్పు చేస్తే అప్పుడు ఆయన్ని తిట్టుకుందాం.

డాలస్ కుర్రాడితో ఆ శనివారమే స్క్రీన్ షేర్‌లో కూర్చున్నాను. ఇంకా ఫైల్ చేయలేదు కాబట్టి సవరణల బాధ లేదు. పాత ఐఆర్‌ఏలు లేవు, వేసిందీ మార్చిందీ 2025లోనే. పది నిమిషాల పని. అతను ఆ నాలుగు వాక్యాలు ఈమెయిల్‌లో రాశాడు. మంగళవారం సీపీఏ కొత్త డ్రాఫ్టు పంపాడట, 4బి దగ్గర సున్నా, వెనక 8606. బుధవారం మళ్లీ ఫోన్.

"అన్నా, పాత ట్రెడిషనల్‌లో 1 డాలరు 12 సెంట్లు వడ్డీ పడి ఉంది. మార్చాక జమ అయిందట. ఏం చేయమంటావు?"

"డిసెంబరు 31న అదే ఉందా?"

"ఉంది."

"అయితే 6వ వరుసలో 1 వేయమను. ఈ ఏటి 7,500తో పాటు దాన్నీ లాగేయ్."

"ఒక్క డాలరుకా అన్నా?"

"ఒక్క డాలరుకే."